గాంధీ పేరు తీసేస్తే ఆయన పేరేంది?

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం చెప్పే రోజుల్లో జరిగిన విషయం ఇది. స్వాతంత్ర్యోద్యమ పాఠం నడుస్తోంది. నేను తరగతికి పట్టుకెళ్లిన పాత పుస్తకంలో గాంధీజీ పక్కన, ఆయనకన్నా తలెత్తు పొడుగున్న ఒక మనిషి బొమ్మ ఉంది. నెరిసిన గడ్డం, కోటేరు ముక్కు, మోకాళ్ల దాకా వేలాడే చొక్కా. "ఈయన్ని సరిహద్దు గాంధీ అంటారు" అని చెప్పి పేజీ తిప్పబోతుంటే మూడో బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. హాజరుపట్టీలో అతని పేరుకు ముందు 'పి' అనే అక్షరం ఉండేది. పి అంటే పఠాన్.

"సార్, గాంధీ పేరు తీసేస్తే ఆయన పేరేంది సార్?"

ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అని చెప్పాను. ఆయన పఠాన్ అని కూడా చెప్పాను. పిల్లవాడి మొహం వెలిగింది. "అయితే మా వోళ్లేనా సార్? ఏం చేసినాడు సార్ ఆయన?" అన్నాడు. గాంధీజీ అనుచరుడు, అహింసావాది, అఖండ భారతాన్ని కోరుకున్నాడు అని మూడు ముక్కలు చెప్పాను. నాలుగో ముక్క నా దగ్గర లేదు. పదిహేనేళ్లుగా అదే పాఠం చెబుతున్న మాస్టారికి, ఆ పాఠంలోని ఒక మనిషి గురించి మూడు వాక్యాలకు మించి తెలియకపోవడం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి తిరుపతిలో ఉంటున్నాను. గాంధీ రోడ్డు మీదుగా నడిచిన ప్రతిసారీ ఆ పిల్లవాడి ప్రశ్న గుర్తుకొస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. 'సరిహద్దు గాంధీ' అనే బిరుదు ప్రేమతో ఇచ్చినదే కావచ్చు కానీ, ఆ బిరుదు ఆయనను మనకు కనబడకుండా చేసింది. ఆయన అహింస అరువు తెచ్చుకున్నదని, ఆయన ఒక పెద్ద దీపం వెలుగులో కనిపించిన చిన్న నీడ అని మనం అనుకునేట్టు చేసింది. ప్రకాశం పంతులును మనం ఆంధ్రకేసరి అన్నాం. ఆ పేరులో ఆయన గుండె ధైర్యం ఉంది, మరొకరి పేరు లేదు. పఠాన్లు కూడా తమ నాయకుణ్ణి తమ మాటతోనే పిలుచుకున్నారు. బాచా ఖాన్ అన్నారు. ఫఖ్రె అఫ్ఘాన్, అంటే అఫ్ఘాన్ల గర్వకారణం అన్నారు. ఆయన చేసిన అసలు పని ఏమిటో తెలియాలంటే ఆ పేర్ల వైపు నుంచి రావాలి. పైగా ఆ పని గురించి వినవలసిన అవసరం దేశంలో అందరికన్నా మన రాయలసీమ వాళ్లకే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ఇప్పటి పాకిస్తాన్‌లో, అఫ్ఘానిస్తాన్ సరిహద్దు వైపున్న పెషావరు లోయలో చార్సద్దా దగ్గర ఉత్మాన్‌జై అనే ఊళ్లో 1890లో ఆయన పుట్టాడు. తండ్రి బెహ్రామ్ ఖాన్ భూస్వామి. ఆ నేల అప్పటికే ఇంగ్లీషువాళ్ల చేతికింద నలుగుతోంది. 1901లో వాయవ్య సరిహద్దు రాష్ట్రాన్ని విడిగా ఏర్పాటు చేసిన సర్కారు, అదే ఏడాది సరిహద్దు నేరాల చట్టాన్ని కొత్తగా బిగించింది. ఒకడు తప్పు చేస్తే వాడి తెగ మొత్తాన్ని శిక్షించే అధికారం ఆ చట్టంలో ఉంది. వకీలు లేడు, అప్పీలు లేదు. మిగతా రాష్ట్రాలకు 1919 సంస్కరణలతో అరకొరగానైనా దక్కిన శాసనసభ ఆ రాష్ట్రానికి 1932 దాకా దక్కలేదు. పఠాన్లకు సభలు, ఓట్లు తెలియవని, తుపాకీ భాషే తెలుసునని దొరల వాదన. ఆ వాదనకు ఊతమిచ్చినది పఠాన్ల సొంత ఆచారమే. వాళ్ల జీవన నీతిలో ఆతిథ్యం ఎంత గొప్పదో 'బదల్' అంత గొప్పది. బదల్ అంటే పగ తీర్చుకోవడం. తాతను చంపినవాడి మనవణ్ణి చంపేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండకూడదు. పరాయి పాలకుడికి ఇంతకన్నా ఏం కావాలి? వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తుంటే పైనుంచి వాళ్లను అనాగరికులని రాసుకోవచ్చు.

బాచా ఖాన్ పని మొదలుపెట్టింది ఇక్కడ. ఇంగ్లీషువాడి మీద కాదు, ముందు తన ఇంటి గుమ్మంలోని పగ మీద. 1910లో, ఇరవై ఏళ్ల వయసులో, తురంగ్‌జై హాజీ సాహెబ్ అనే పెద్దాయన తోడుగా బడులు పెట్టడం ప్రారంభించాడు. ఈ సంవత్సరాన్ని నేను కావాలనే నొక్కి చెబుతున్నాను. గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి తిరిగి వచ్చింది 1915 జనవరిలో. అంటే అప్పటికి అయిదేళ్ల ముందే ఈ యువకుడు గుర్రం మీద, కాలినడకన ఊరూరూ తిరుగుతూ, మీ పిల్లల్ని బడికి పంపండని బతిమాలుతున్నాడు. బడికి పోతే నరకానికి పోతారని ముల్లాలు భయపెడుతున్నారు. బడి పెడితే జైలుకు పోతావని సర్కారు భయపెడుతోంది. రెండు వైపుల నుంచీ దెబ్బలు తింటూ పని చేసినవాడు ఆయన. 1921లో ఉత్మాన్‌జైలో ఆజాద్ పాఠశాల స్థాపించాడు. ఆ సంవత్సరం చివరలోనే ఆయనకు మూడేళ్ల కఠిన శిక్ష పడింది. ఏం నేరం చేశాడని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బడులు పెట్టాడు, ఊళ్లు తిరిగాడు, జనాన్ని ఒకచోట కూర్చోబెట్టాడు. అంతే.

ఆయన భాష కోసం చేసిన పని గురించి మనవాళ్లు అసలు మాట్లాడరు. 1928లో 'పఖ్తూన్' అనే పత్రికను పష్తో భాషలో మొదలుపెట్టాడు. అప్పటికి చదువుకున్న పఠాన్ ఇంగ్లీషో ఉర్దూయో చదువుకునేవాడు. పష్తో ఇంట్లో మాట్లాడుకోవడానికే అనుకునేవాడు. ఒక జాతికి తన భాషలో తన గురించి చదువుకునే వీలు లేకపోతే, ఆ జాతి గురించి ఎవరో రాసిందే నిజమైపోతుందని బాచా ఖాన్‌కు తెలుసు. ఆ పత్రికలో ఆడవాళ్లు కూడా రాశారు, తమ మగవాళ్లను తప్పుపడుతూ రాశారు. నూరేళ్ల కిందట, ఆ నేలమీద. ఆడపిల్లల చదువు గురించి ఆయన పట్టుదల సభల్లో చెప్పుకునే మాట కాదు. తన కూతురిని చదువుకు పంపి చూపించాడు. 2013లో ఐక్యరాజ్యసమితిలో మాట్లాడిన మలాలా యూసఫ్‌జాయ్, అహింసను తాను నేర్చుకున్నవారి పేర్లలో గాంధీజీ పేరుతో పాటు బాచా ఖాన్ పేరును కూడా చెప్పింది. ఆమె ఆయన నేలమీద పుట్టిన పిల్ల. ఆయన్ని ఆయన పేరుతోనే పిలిచింది.

ఇక మన సీమ సంగతి. మా అమ్మ పుట్టిల్లు కడప జిల్లా ఎల్లకు ఆనుకుని ఉన్న ఒక చిన్న పల్లె. ఆ ఊళ్లో తాగే నీళ్ల బావి ఒక్కటే. ఆ బావికి ఎదురెదురుగా రెండు గిలకలు ఉండేవి. ఒక గిలక మా అవ్వ వాళ్ల వైపుది, రెండోది అవతలి వర్గానిది. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదాలో, నేను పుట్టకముందే, ఆ వైపు ఒకరు, ఈ వైపు ఒకరు చచ్చిపోయారట. వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు, దప్పికై బావి దగ్గరికి పరుగెత్తి, చేతికి అందిన తాడు పట్టుకున్నాను. మా అవ్వ దూరం నుంచే కేక వేసింది. "ఆ తాడు ముట్టుకోవద్దు నాయనా, అది మనది కాదు!" ఆ కేకలో కోపం లేదు, భయం ఉంది. నీళ్లు ఒక్కటే, లోపల రెండు బిందెలూ ఒకే నీటిని తాకుతున్నాయి, పైన మాత్రం తాళ్లు వేరు. ఎండలో నల్లబడి, నూనె ఇంకిన ఆ రెండు చెక్క గిలకలు ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతాయి. మూడో తరం పిల్లలకు ఆ గట్టు ఎక్కడుందో కూడా తెలియదు. పగ మాత్రం తెలుసు. తర్వాత బోర్లు పడ్డాయి, బావి ఎండిపోయింది, గిలకలు మిగిలాయి.

సీమ అంటే కత్తులు, వేటకొడవళ్లు అని సినిమాల్లో చూపిస్తారని మనం నొచ్చుకుంటాం. నొచ్చుకోవలసిందే. మా తిరుపతి, చిత్తూరు వైపు ముఠా కక్షలు కడప, కర్నూలు, అనంతపురం అంత లేవని కూడా చెప్పుకుంటాం. కానీ ఆ బావిని చూసినవాడిగా చెబుతున్నాను, పగ అనేది ఎంత మామూలుగా, ఎంత ఇంటి వస్తువులాగా మన మధ్య కూర్చుంటుందో నాకు తెలుసు. అందుకే 1929 నవంబరులో బాచా ఖాన్ స్థాపించిన 'ఖుదాయీ ఖిద్మత్‌గార్' సంస్థ ప్రమాణ పత్రాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది దండి కాదు, ఆ రెండు గిలకలే.

ఖుదాయీ ఖిద్మత్‌గార్ అంటే దేవుడి సేవకుడు. దేవుడికి మన సేవతో పనిలేదు కనుక, ఆయన సృష్టించిన ప్రాణికోటిని సేవించడమే ఆయన సేవ అని ఆ ప్రమాణం మొదలవుతుంది. హింసకు, ప్రతీకారానికి దూరంగా ఉంటానని, నన్ను హింసించినవాడిని క్షమిస్తానని, ముఠా తగాదాల్లో పాల్గొనననీ కొత్త శత్రుత్వాలు పెంచననీ, ప్రతి పఠాన్‌ను సోదరుడిగా చూస్తానని, రోజుకు కనీసం రెండు గంటలు సమాజానికి పనిచేస్తానని అందులో ఉంటుంది. చూడండి, ఆ ప్రమాణంలోని ఈ మాటల్లో ఇంగ్లీషువాడి పేరే లేదు. స్వరాజ్యం అనే మాట కూడా లేదు. ఉన్నదల్లా పగ గురించి. తుపాకీని భార్య కన్నా దగ్గరగా పెట్టుకునే మనిషి చేత, నా తండ్రిని చంపినవాడిని నేను చంపను అని నలుగురిలో చెప్పించాడు. అదీ ఆయన తెచ్చిన స్వాతంత్ర్యం. రెండో స్వాతంత్ర్యం దాని వెనకాల రావలసినది.

వాళ్ల బట్టల కథ కూడా చెప్పాలి. మొదట తెల్ల ఖద్దరు వేసుకునేవారు. మట్టి పనులకు మాసిపోతోందని, ఊళ్లో తోళ్లు పదును చేసే చోట దొరికే ఇటుకరంగు అద్దకంలో ముంచుకున్నారు. ఆ ఎరుపును చూసి ఇంగ్లీషువాళ్లు 'ఎర్ర చొక్కాలు' అని పేరుపెట్టి, వీళ్లు రష్యా కమ్యూనిస్టులైన బోల్షివిక్కుల మనుషులని ప్రచారం చేశారు. చెప్పుల దుమ్ము దులుపుకుంటూ బడుల గోడలు కట్టే మనుషులు. సైన్యంలాగా కవాతు చేసేవారు, హోదాలుండేవి, బ్యాండు కూడా ఉండేది, చేతిలో మాత్రం ఆయుధం ఉండేది కాదు. వాళ్ల సంఖ్య లక్ష దాకా పెరిగిందని చెబుతారు.

1930 ఏప్రిల్ 23న ఆ ప్రమాణానికి పరీక్ష వచ్చింది. ఉత్మాన్‌జైలో సభ ముగించుకుని పెషావరు వెళుతున్న బాచా ఖాన్‌ను దారిలోనే పట్టుకున్నారు. పెషావరులో కూడా నాయకుల అరెస్టులు జరిగాయి. కిస్సా ఖ్వానీ బజారులో జనం గుమిగూడారు. ఆ పేరుకు కథలు చెప్పేవాళ్ల బజారు అని అర్థం. దూర దేశాల బాటసారులు టీ తాగుతూ కథలు చెప్పుకున్న వీధి. ఆ వీధిలోకి సాయుధ శకటాలు వచ్చాయి, తుపాకులు పేలాయి. ముందు వరస కూలితే వెనక వరస ముందుకొచ్చి నిలబడింది. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ల సంఖ్య కొద్ది పదుల దగ్గర ఆగిపోయింది. పెషావరు జనం లెక్కలో వందలు దాటింది. విఠల్‌భాయ్ పటేల్ అధ్యక్షతన కాంగ్రెస్ వేసిన విచారణ సంఘం నివేదికను సర్కారు నిషేధించింది. ఆ రోజే గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన సైనికులు, చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలో, నిరాయుధులైన జనం మీద కాల్పులు జరపం అని తుపాకులు దించారు. హిమాలయాల హిందూ సైనికులు, పఠాన్ ముస్లింల మీద కాల్చమంటే కాల్చలేదు. చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది. అవతలివాడి చేతిలోని తుపాకీని కూడా దింపించగలిగిన బలాన్ని మనం చేతగానితనం అనుకుంటున్నామా అని పిల్లలను అడిగేవాణ్ణి.

ఇక్కడ ఒక విషయంలో నేను గట్టిగా వాదిస్తాను. బాచా ఖాన్ ఈ మార్గాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడని అడిగితే ఆయన సూటిగానే చెప్పాడు. ముస్లిం అయిన తాను, పఠాన్ అయిన తాను అహింసను పట్టుకోవడంలో వింతేమీ లేదని, పదునాలుగు వందల ఏళ్ల కిందట మక్కాలో ఉన్నన్నాళ్లూ ప్రవక్త ఆచరించినది అదేనని అన్నాడు. ఆయనకు అహింస అంటే సబర్, సహనం. అయిదు పూటలా నమాజు చేస్తూ, ఖురాన్ చదువుతూ, హజ్ చేసి వచ్చిన మనిషి తన మతం లోపలి నుంచి తీసిన ఆయుధం అది. గాంధీజీని ఆయన ప్రేమించాడు, వార్ధాలో ఆయన ఆశ్రమంలో గడిపాడు, 1938లో గాంధీజీని సరిహద్దు ఊళ్లన్నీ తిప్పాడు. ఇద్దరూ ఒకరిలో ఒకరు తమను చూసుకున్నారు. ఒకరు గురువు, ఒకరు శిష్యుడు అని మనం చేసిన పంపకం వాళ్ల మధ్య ఉన్నదానికి న్యాయం చేయదు.

కొన్నేళ్ల కిందట, తిరుపతిలో ఒక గాంధీ జయంతి సభకు వెళ్లాను. వక్తల్లో ఒకరు బాచా ఖాన్ గురించి చాలా గొప్పగా మాట్లాడి, చివరికి, "ఈ దేశంలో ముస్లింలందరూ ఆయనలాగా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు" అన్నారు. చప్పట్లు పడ్డాయి. నా ముందు వరసలో టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన చప్పట్లు కొట్టలేదు, లేచి వెళ్లనూ లేదు. ఒడిలో ఉన్న చేతిసంచి కాడలను మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. ఆ చేతులను చూస్తుంటే నాకు సిగ్గు వేసింది. ఒక మహానుభావుణ్ణి తీసుకుని, ఆయన జాతివాళ్లందరినీ కొలిచే తూకపురాయిగా చేయడం ఎంత అన్యాయం! హిందువులందరూ గాంధీజీలాగా ఉన్నారా అని ఆ వక్తను ఎవరూ అడగరు. బాచా ఖాన్ జీవితం ముస్లింల ముందు పెట్టవలసిన పరీక్ష కాదు. పగ పట్టిన ప్రతి ఇంటి ముందు, అది ఏ మతం వాళ్ల ఇల్లైనా, పెట్టవలసిన ప్రశ్న. ఆ రోజు లేచి ఈ మాట చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన నీడ కాదనడానికి 1940 కన్నా మంచి సాక్ష్యం లేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుని జాతీయ ప్రభుత్వం ఇస్తే యుద్ధంలో సహకరిస్తామని కాంగ్రెస్ కార్యవర్గం ముందుకొచ్చింది. అంటే అహింసను ఒక విధానంగా పెట్టుకున్నాం తప్ప వ్రతంగా కాదని ఒప్పుకున్నట్టే. పెద్ద పెద్ద నాయకులు దానికి సరేనన్నారు. కార్యవర్గం నుంచి రాజీనామా చేసి బయటకు వచ్చినవాడు బాచా ఖాన్. యుద్ధజాతి అని ఇంగ్లీషువాళ్లు ముద్ర వేసిన పఠాన్, తుపాకీ పట్టను అన్నాడు. ఆ తర్వాత క్విట్ ఇండియా రోజుల్లో పోలీసు దెబ్బలకు ఆయన పక్కటెముకలు విరిగాయి. అయినా ప్రమాణం విరగలేదు.

1946 ఎన్నికల్లో, ముస్లింలే అత్యధికంగా ఉన్న ఆ రాష్ట్రంలో, 50 స్థానాలకు 30 కాంగ్రెస్‌కు వచ్చాయి. ఆయన అన్న డాక్టర్ ఖాన్ సాహెబ్ ముఖ్యమంత్రి. దేశం చీలాలా వద్దా అన్న ప్రశ్నకు సరిహద్దు పఠాన్లు ఇచ్చిన జవాబు అది. కానీ 1947 జూన్‌లో కాంగ్రెస్ విభజనను ఒప్పుకుంది, సరిహద్దు రాష్ట్రంలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరపడానికీ ఒప్పుకుంది. మమ్మల్ని తోడేళ్ల ముందుకు విసిరేశారని బాచా ఖాన్ అన్న మాట ఆ రోజులదే. జూన్ 21న బన్నూలో ఆయన, ఆయన అనుచరులు సమావేశమై, ఇండియా, పాకిస్తాన్ రెండే కాకుండా పష్తూనిస్తాన్, అంటే పఠాన్ల సొంత దేశం, అనే మూడో దారి కూడా ఓటు చీటీ మీద ఉండాలని కోరారు. ఇంగ్లీషువాళ్లు ఒప్పుకోలేదు. దాంతో బాచా ఖాన్, ఆయన అనుచరులు ఓటింగును బహిష్కరించారు. జూలైలో జరిగిన ఆ ఓటింగులో పాకిస్తాన్‌కు 2,89,244 ఓట్లు, ఇండియాకు 2,874 ఓట్లు పడ్డాయి. ఓటర్లలో సగం మందికి కాస్త ఎక్కువే పాల్గొన్నారు.

బహిష్కరణ పొరపాటని నేను చాలాకాలం అనుకున్నాను. బరిలోకి దిగకుండా ఓడిపోవడం ఏమిటి అని బాధపడ్డాను. ఇప్పుడు అంత సులువుగా అనలేను. ఇండియాకు ఓటెయ్యమని చెబితే, మధ్యలో పంజాబు అడ్డంగా చీలి రక్తం కారుతున్న సమయంలో, ఆ నిర్ణయం ఆ లోయలో ఎన్ని తలలు తీసేదో. పాకిస్తాన్‌కు వెయ్యమని చెబితే ముప్పై ఏళ్ల బతుకును కాదన్నట్టు. రెండు తాళ్లూ తనవి కానప్పుడు మనిషి ఏ తాడు పట్టుకుంటాడు? అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి: ఆ బహిష్కరణ వల్ల తర్వాతి డెబ్బై ఏళ్లపాటు, ప్రజలే మిమ్మల్ని కాదన్నారు అని ఆయన వారసుల నోరు మూయించడం పాకిస్తాన్ పాలకులకు తేలికైంది.

పాకిస్తాన్ ఏర్పడిన వారం రోజులకే, ఆగస్టు 22న, శాసనసభలో మెజారిటీ ఉన్న డాక్టర్ ఖాన్ సాహెబ్ మంత్రివర్గాన్ని రద్దు చేశారు. బాచా ఖాన్ 1948 ఫిబ్రవరిలో పాకిస్తాన్ రాజ్యాంగ సభలో విధేయతా ప్రమాణం చేశాడు. కొత్త దేశంలోనే తన జాతి హక్కుల కోసం పనిచేస్తానన్నాడు. జూన్ నాటికి జైల్లో ఉన్నాడు. ఆగస్టు 12న చార్సద్దా దగ్గర బాబ్‌రాలో, ఆయన అరెస్టుకు నిరసనగా వచ్చిన ఖుదాయీ ఖిద్మత్‌గార్ల మీద కాల్పులు జరిగాయి. కిస్సా ఖ్వానీలో లాగే ఇక్కడా సర్కారు లెక్క, జనం లెక్క ఎక్కడా కలవవు. ఒకటి పదుల్లో, మరొకటి వందల్లో. కాల్చింది ఈసారి పరాయి దొర కాదు, కలిసి నమాజు చేసే దేశం. సంస్థను నిషేధించారు. ఆయన దాదాపు ఆరేళ్లు జైల్లోనే గడిపాడు. తర్వాత మళ్లీ, మళ్లీ. తొంభై ఎనిమిదేళ్ల జీవితంలో సుమారు మూడో వంతు ఇంగ్లీషువాళ్ల జైళ్లలో, పాకిస్తాన్ జైళ్లలో గడిచిపోయింది. 1962లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆయనను ఆ ఏటి ఖైదీగా ప్రకటించింది.

మనం ఆయనకు ఏం చేశాం? 1969లో గాంధీ శతజయంతికి ఆయనను పిలిచాం. బట్టల మూట ఒకటి చేత్తో పట్టుకుని విమానం దిగాడు. అప్పుడే అహ్మదాబాదులో మతకలహాలు జరిగి ఉన్నాయి. సన్మానాలు అందుకోవలసిన మనిషి మూడు రోజులు ఉపవాసం ఉన్నాడు. పార్లమెంటులో మాట్లాడుతూ, మీరు గాంధీజీని మరచిపోతున్నారని మన మొహం మీదే చెప్పాడు. 1987లో భారతరత్న ఇచ్చాం. అప్పటికి ఆయన మంచం పట్టి ఉన్నాడు. నలభై ఏళ్ల కిందట తోడేళ్ల ముందు వదిలేసినందుకు అది క్షమాపణ కాదు, అయినా ఇవ్వడం మంచిదే అనుకుంటాను.

1988 జనవరి 20న పెషావరులో చనిపోయాడు. తనను జలాలాబాదులో ఖననం చేయమని కోరాడు. అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ సేనలకు, ముజాహిదీన్లకు మధ్య యుద్ధం జరుగుతున్న కాలం అది. ఆ అంత్యక్రియల కోసం రెండు పక్షాలూ తుపాకులు ఆపాయి. వేలాది మంది ఖైబర్ కనుమ దాటి ఆయన వెంట నడిచారు. అంతలోనే అంత్యక్రియల చోట బాంబులు పేలి పదిహేను మంది చనిపోయారు. 2016 జనవరి 20న, సరిగ్గా ఆయన వర్ధంతి రోజున, చార్సద్దాలో ఆయన పేరిట ఉన్న విశ్వవిద్యాలయంలో ఆయన స్మృతిలో కవి సమ్మేళనం ఏర్పాటు చేసిన పూట, సాయుధులు చొరబడి సుమారు ఇరవై మందిని చంపారు. నేను ఆ వార్త చదివిన రోజు, మా వీధిలో సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరిగిపోలేదు. కవిత్వం చదవడానికి వచ్చిన పిల్లలు.

ఇదంతా విన్నాక, అయితే ఆయన ఓడిపోయాడు కదా అని నాతో వాదించేవాళ్లు ఉన్నారు. ఆయనలో లోపాలు లేవని నేననను. సంస్థ మొత్తం ఆయన ఒక్కడి భుజాల మీద నిలబడింది. ఆయన జైల్లో ఉంటే అది తడబడేది. పష్తో మాట్లాడని హజారా ప్రాంతం వాళ్లను ఆయన ఉద్యమం పూర్తిగా తనలో కలుపుకోలేదు. ప్రమాణంలో 'ప్రతి పఠాన్ నా సోదరుడు' అన్న చోట 'ప్రతి మనిషి' అని ఉండి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. సొంత అన్నే 1950ల్లో పశ్చిమ పాకిస్తాన్ ప్రభుత్వానికి నాయకత్వం వహిస్తే, రాష్ట్రాలన్నిటినీ ఒకటిగా కలిపిన ఆ ఏర్పాటును తమ్ముడు వ్యతిరేకించి జైలుకు వెళ్లాడు. రాజకీయంగా చూస్తే ఆయన కోరుకున్నదేదీ జరగలేదు. దేశం చీలింది, పష్తూనిస్తాన్ రాలేదు, సరిహద్దు నేరాల చట్టం గిరిజన ప్రాంతాల్లో 2018 దాకా బతికే ఉంది. కానీ లక్షమంది పగను వదిలిపెట్టిన ఇరవై ఏళ్లు నిజం. ఆ ఇరవై ఏళ్లలో చావవలసిన ఎంతమంది మనవలు చావకుండా పెరిగి పెద్దయ్యారో ఏ సర్కారు లెక్కలోనూ లేదు. చావుల లెక్కే రెండు రకాలుగా రాసినవాళ్లు, మిగిలిన ప్రాణాల లెక్క ఎందుకు రాస్తారు?

ఉద్యోగంలో చివరి ఏడాది ఆ పాఠాన్ని మళ్లీ చెప్పాను. ఈసారి గాంధీజీ బొమ్మ చూపించలేదు. నల్లబల్ల మీద 'బాచా ఖాన్, ఉత్మాన్‌జై' అని రాసి, ఆ ప్రమాణాన్ని తెలుగులో ఒక్కొక్క వాక్యంగా చదివాను. ముందు వరసలోని ఒక అమ్మాయి చెయ్యెత్తింది. వాళ్ల ఊరి సంగతి బడిలో అందరికీ తెలుసు. ఏడాదికొకసారి పోలీసు పహారా పెడితే తప్ప అక్కడ తిరునాళ్లు జరగదు.

"సార్, మనం ప్రమాణం చేస్తాం. అవతలోళ్లు చెయ్యకపోతే?"

కాగితం వంక చూశాను. ఆ ప్రమాణం మొత్తంలో అవతలివాడి ప్రస్తావన ఒక్కచోటే ఉంది, నన్ను హింసించినవాడిని క్షమిస్తాను అన్న చోట. ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది, రాసి దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. దాన్ని కొట్టేయమని నేను చెప్పలేదు.